ఆయన తగ్గితే మెప్పు, నేను పెరిగితే ఎగతాళి

ప్రశ్న

నా వయసు 67. ఉపాధ్యాయురాలిగా పనిచేసి రిటైరయ్యాను. ఒకప్పుడు 160 సెంటీమీటర్ల ఎత్తు ఉండేదాన్ని, ఈ మధ్య కొలిస్తే 156 వచ్చింది. రెండు నెలల క్రితం నా బరువు 70 కిలోలు. నడుము చుట్టుకొలత 94 సెంటీమీటర్లు. బీపీకి మాత్ర వేసుకుంటున్నాను. ఇంకే జబ్బూ లేదు.

మా ఇంట్లో జరిగిన ఒక వేడుక ఫొటోలు చూసినప్పుడు అందులో ఉన్నది నేనేనా అనిపించింది. అదే రోజు మా ఆడపడుచు అందరి ముందూ, ‘‘వదినా, నువ్వు రోజురోజుకూ అడ్డంగా పెరుగుతున్నావు. అన్నయ్యను చూడు, ఎంత నాజూగ్గా తయారయ్యాడో’’ అంది. ఆయనకు 72 ఏళ్లు, 170 సెంటీమీటర్ల ఎత్తు. ఏ ప్రయత్నమూ లేకుండానే పది నెలల్లో 64 కిలోల నుంచి 58కి వచ్చారు. అందరూ మెచ్చుకుంటుంటే ఆయనకూ సంతోషంగానే ఉంది. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

ఆ రోజు నుంచి రాత్రి భోజనం మానేశాను. ఇప్పుడు 66 కిలోలకు వచ్చాను. కానీ కుర్చీలోంచి లేచినప్పుడు కళ్లు తిరుగుతున్నాయి. వ్యాయామ తరగతికి వెళ్లడం కూడా మానేశాను, అక్కడ గోడ పొడవునా అద్దమే. ఎవరైనా ఫొటో తీస్తుంటే వెనక్కి జరుగుతున్నాను. మా అమ్మాయితో చెప్పుకుంటే, ‘‘ఈ వయసులో నీకు అందం మీద పట్టింపేమిటమ్మా’’ అని నవ్వేసింది. ఈ వయసులో ఇలా బాధపడటం తప్పా? ఇంకా ఎన్ని కిలోలు తగ్గితే నేను సరైన బరువుకు వచ్చినట్టు?

- ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు

సమాధానం

అమ్మా,

మీరు అడిగిన రెండు ప్రశ్నలూ మీ గురించే. అయినా నా జవాబు మీవారితో మొదలుపెట్టక తప్పదు. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టింది ఆయన గురించి మీరు రాసిన ఆ ఒక్క వాక్యమే.

పది నెలల్లో 64 నుంచి 58 కిలోలకు రావడమంటే ఒంటి బరువులో 9 శాతానికి పైగా పోయినట్టు. పట్టుబట్టి తగ్గారంటే అది వేరే సంగతి. ఏ ప్రయత్నమూ లేకుండానే అని మీరే రాశారు. పెద్ద వయసులో ఆరు నెలల నుంచి ఏడాది లోపల, తెలిసిన కారణం లేకుండా 5 శాతం బరువు తగ్గినా వైద్యులు దాన్ని తప్పనిసరిగా పరీక్షించవలసిన లక్షణంగా చూస్తారు. ఆయన ఆ హద్దు దాటి చాలా దూరం వచ్చేశారు. కారణాల్లో చికిత్సకు లొంగేవి ఎన్నో ఉన్నాయి: అదుపు తప్పిన మధుమేహం, అతిగా పనిచేస్తున్న థైరాయిడ్, నమలనివ్వని పళ్లు, ఆకలిని చంపే మందులు, పైకి చెప్పుకోని దిగులు. క్షయ, క్యాన్సర్ వంటివి కూడా ఉండవచ్చు. ఉంటే అవి ఎంత ముందుగా తెలిస్తే అంత మేలు. కొందరిలో ఎన్ని పరీక్షలు చేసినా ఏమీ తేలదు, అప్పుడు కొన్ని నెలలపాటు బరువు చూస్తూ గమనిస్తారు. ఏదైనా సరే, ఈ వారంలోనే ఆయన్ను వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లండి. బరువు తగ్గిన సంగతి ఒక్కటే చెబితే ‘మంచిదేగా’ అనే మాట అక్కడా వినపడే అవకాశం ఉంది. అందుకని ఎన్ని నెలల్లో ఎన్ని కిలోలో, ప్రయత్నం లేకుండా తగ్గారన్న విషయంతో సహా కాగితం మీద రాసి చేతికివ్వండి. ఆకలి ఎలా ఉంది, మింగడంలో ఇబ్బంది ఉందా, విరేచనంలో మార్పు వచ్చిందా, రాత్రిళ్లు చెమటలు పడుతున్నాయా, మునుపటిలా నలుగురితో మాట్లాడుతున్నారా అన్నవి కూడా రాయండి. ఆయన వేసుకునే మందులన్నీ వెంట తీసుకువెళ్లండి.

ఇక మీ విషయం. మీరు లేచి నిలబడగానే కళ్లు తిరగడాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. రెండు నెలల్లో 4 కిలోలు తగ్గారు, రాత్రి భోజనం లేదు, బీపీ మాత్ర మాత్రం పాత మోతాదులోనే నడుస్తోంది. బరువు తగ్గి, తిండితో పాటు ఉప్పూ నీళ్లూ తగ్గినప్పుడు అప్పటిదాకా సరిపోయిన మాత్రే ఎక్కువైపోవచ్చు. నిలబడిన క్షణంలో రక్తపోటు పడిపోయి తూలడం అందువల్ల కావచ్చు. 67 ఏళ్ల వయసులో తూలి పడటమంటే తుంటి ఎముక విరిగే ప్రమాదం ఉన్నట్టే. మాత్రను మీ అంతట మీరు మానేయకండి. వైద్యుణ్ణి కలిసి, పడుకున్నప్పుడూ లేచి నిలబడిన తర్వాతా రెండుసార్లు బీపీ చూడమని అడగండి. అప్పటిదాకా ఒక్క ఉదుటున లేవకండి, మంచం అంచున కాసేపు కూర్చుని లేవండి. రాత్రి భోజనం ఈ రోజు నుంచే మళ్లీ మొదలుపెట్టండి. బరువు తగ్గడం కోసం విరేచనాల మాత్రలో, ఎవరో చెప్పిన పొడులో కూడా వాడుతుంటే ఆ సంగతి వైద్యుడి దగ్గర దాచకండి. కొన్ని రకాల బీపీ మందులు వాడేవారికి వాటివల్ల రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఇది మీకు వర్తించకపోతే మరీ మంచిది.

ఇప్పుడు మీరు అడిగిన సరైన బరువు దగ్గరకు వద్దాం.

అందరికీ తెలిసిన బీఎంఐ లెక్క ఉంది కదా, కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగించేది. 18.5 నుంచి 24.9 వరకు మామూలు, 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం అని పట్టికలో ఉంటుంది. ఈ లెక్క ప్రకారం ఇవాళ మీరు 27, మీవారు 20. అంటే గోడ మీద వేలాడే ఆ పట్టిక మిమ్మల్ని తప్పుపడుతోంది, ఆయన్ను మెచ్చుకుంటోంది. అచ్చంగా మీ ఆడపడుచు మాటే. ఆ పట్టిక ఎక్కడినుంచి వచ్చిందో చూడండి. 1830ల్లో బెల్జియం గణిత శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ కెట్లే సగటు మనిషి ఎలా ఉంటాడో తేల్చే ప్రయత్నంలో ఈ భాగహారాన్ని కనిపెట్టాడు, ఆరోగ్యాన్ని అంచనా వేయడానికి కాదు. 1972లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ బృందం దానికి బీఎంఐ అన్న పేరు పెట్టింది. పెద్ద జన సమూహాల మీద చేసే అధ్యయనాల్లో అది బాగా పనికివస్తుంది. ఒక మనిషిలో ఎంత కొవ్వు ఉందో, ఎంత కండ ఉందో, కొవ్వు ఎక్కడ చేరిందో మాత్రం అది చెప్పలేదు. వయసు ఊసే అందులో లేదు.

వయసు లెక్కలోకి వస్తే చిత్రం మారిపోతుంది. 65 ఏళ్లు దాటిన దాదాపు 2 లక్షల మంది వివరాలను, 32 అధ్యయనాల నుంచి ఒకచోట చేర్చి 2014లో విశ్లేషించారు. మరణ ప్రమాదం తక్కువగా ఉన్నది బీఎంఐ సుమారు 24 నుంచి 31 మధ్య ఉన్నవారిలో. 23 కంటే కిందికి దిగేకొద్దీ ప్రమాదం పెరిగింది. నడివయసు వారి కోసం గీసిన గీతలను 70 ఏళ్ల వారికి యథాతథంగా వర్తింపజేయకూడదనడానికి ఇది చాలు. ఆ లెక్కన 27 దగ్గర ఉన్న మీకంటే, 20 దగ్గర ఉండి ఇంకా కిందికి జారుతున్న మీవారి గురించే ఎక్కువ ఆలోచించాలి.

మీరు లెక్కలు బాగా చూసే మనిషని ఉత్తరం చదివితేనే తెలుస్తోంది, కాబట్టి ఇంకో సంగతి కూడా చెబుతాను. 40 దాటాక మనిషి పదేళ్లకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున ఎత్తు తగ్గుతాడు, 70 తర్వాత ఇంకా వేగంగా. వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్లలు అణగడం, ఎముకలు పలచబడటం, వీపు వంగడం ఇందుకు కారణాలు. మీ బరువు 66 దగ్గరే నిలిచి, ఎత్తు మునుపటిలా 160 ఉండి ఉంటే మీ బీఎంఐ 26 లోపే ఉండేది. మీరు ఏ తప్పూ చేయకుండానే ఒకటికి పైగా పెరిగిందన్న మాట. నాలుగు సెంటీమీటర్లు తగ్గడం మాత్రం వైద్యుడికి చెప్పవలసిన విషయమే. ఎముకల సాంద్రత పరీక్ష అవసరమా అని అడగండి. బరువు కంటే ఆ పరీక్షే మీకు ముఖ్యం కావచ్చు.

అలాగని మీకు అంతా బాగుందని చెప్పి పంపేస్తే అది మిమ్మల్ని బుజ్జగించడమే అవుతుంది. మీ నడుము కొలత 94. అది ఎత్తులో సగానికి మించకుండా చూసుకోవాలని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే ‘నైస్’ సంస్థ 2022లో సూచించింది. మీ ఎత్తులో సగం 78. పొట్ట లోపల, పేగుల చుట్టూ చేరే కొవ్వు మధుమేహానికీ గుండె జబ్బుకూ దారితీస్తుంది, తొడల దగ్గర చేరే కొవ్వు అంత చేటు చేయదు. పైగా ఆసియా జాతుల వారిలో తక్కువ బరువు దగ్గరే ఈ జబ్బులు మొదలవుతాయని, బీఎంఐ 23 దగ్గరినుంచే జాగ్రత్త పడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లో చెప్పారు. ఇది వినగానే మళ్లీ తిండి మానేయాలన్న ఆలోచన రాకూడదు. కాబట్టి కిలోల లక్ష్యం పెట్టుకోవద్దు. నెలకొకసారి టేపుతో నడుము కొలుచుకోండి: కింది పక్కటెముకకూ తుంటి ఎముక పైభాగానికీ మధ్యన, మామూలుగా ఊపిరి వదిలాక. రక్తంలో చక్కెర, కొవ్వుల పరీక్ష ఒకసారి చేయించుకోండి. అవి బాగుంటే సగం బెంగ తీరినట్టే.

ఇంతకీ ఈ పొట్ట ఎందుకు వచ్చింది? మీ ఉత్తరం నిండా ‘నా అశ్రద్ధ’ అన్న భావం కనిపిస్తోంది. స్త్రీలలో నెలసరి ఆగిపోయాక ఈస్ట్రోజన్ అనే హార్మోను తగ్గుతుంది, దాంతో కొవ్వు చేరే చోటు తొడల నుంచి పొట్టకు మారుతుంది. బరువు ఒక్క కిలో పెరగకపోయినా నడుము పెరగవచ్చు. ఇంకోవైపు 30 దాటినప్పటి నుంచి కండ పదేళ్లకు 3 నుంచి 8 శాతం దాకా తగ్గుతూ వస్తుంది, 60 తర్వాత ఆ వేగం పెరుగుతుంది. దాన్ని వైద్యులు సార్కోపీనియా అంటారు. అది ముదిరినప్పుడు ఒక జబ్బుగానే లెక్కించి 2016 నుంచి దానికి వ్యాధుల జాబితాలో ప్రత్యేక సంకేతం కూడా ఇచ్చారు. ఒంట్లో జీవక్రియ వేగం నడివయసులోనే పడిపోతుందని చాలామంది నమ్ముతారు. 2021లో 29 దేశాలకు చెందిన 6,400 మందికి పైగా కొలతలు తీసి చూస్తే, శరీర పరిమాణాన్ని బట్టి సరిచేసిన శక్తి ఖర్చు 20 నుంచి 60 ఏళ్ల దాకా దాదాపు నిలకడగానే ఉందని, 60 దాటాకే ఏడాదికి 0.7 శాతం చొప్పున తగ్గుతోందని తేలింది. మీరు ఇప్పుడు ఆ మార్పులోనే ఉన్నారు. మునుపటిలానే తింటున్నా పెరుగుతున్నానని మీకు అనిపిస్తే అందులో నిజం ఉంది.

రాత్రి భోజనం మానడం ఎందుకు సరైన దారి కాదో ఇక్కడే తెలుస్తుంది. తిండి మాత్రమే తగ్గించి బరువు దించినప్పుడు పోయేదంతా కొవ్వు కాదు, అందులో సుమారు నాలుగో వంతు కండ. మీరు తగ్గిన 4 కిలోల్లో ఒక కిలో దాకా కండే పోయి ఉండవచ్చు. పాతికేళ్లప్పుడు పోయిన కండ సులువుగా తిరిగివస్తుంది, మీ వయసులో దాన్ని కష్టపడి తెచ్చుకోవాలి. తర్వాత ఎప్పుడైనా బరువు తిరిగి పెరిగితే ఆ పెరిగేది ఎక్కువగా కొవ్వే. ఇలా రెండు మూడు సార్లు తగ్గి పెరిగితే తూకం అదే చూపిస్తుంది గానీ మెట్లు ఎక్కడం కష్టమవుతుంది.

అమెరికాలో 65 ఏళ్లు దాటిన 107 మంది ఊబకాయుల మీద ఏడాదిపాటు జరిపిన పరిశోధన 2011లో ప్రచురితమైంది. కొందరు తిండి మాత్రమే తగ్గించారు, కొందరు వ్యాయామం మాత్రమే చేశారు, కొందరు రెండూ చేశారు. రోజువారీ పనులు చేసుకోగల సామర్థ్యం తిండి తగ్గించిన వారిలో 12 శాతం, వ్యాయామం చేసిన వారిలో 15 శాతం, రెండూ చేసిన వారిలో 21 శాతం పెరిగింది. తిండి మాత్రమే తగ్గించిన వారిలో తుంటి ఎముక సాంద్రత 2.6 శాతం పడిపోయింది, రెండూ చేసిన వారిలో ఆ నష్టం 1.1 శాతం దగ్గర ఆగింది. మీరు వ్యాయామ తరగతి మానేసి భోజనం తగ్గించారు. మార్చుకోవలసింది ఇదే.

ఆ తరగతికి తిరిగి వెళ్లండని నేను గట్టిగా అడుగుతున్నాను. అద్దానికి ఎదురుగా నిలబడలేకపోతే చివరి వరుసలో, అద్దం కనబడని మూల నిలబడండి. లేదా అద్దాలు లేని తరగతి వెతుక్కోండి. శిక్షకురాలికి నా ఇబ్బంది ఇదీ అని ఒక్క మాట చెప్పండి, ఆమెకు ఇలాంటి మాట వినడం మీతోనే మొదలు కాదు. కళ్లు తిరగడం తగ్గి, వైద్యుడు సరేనన్నాకే మొదలుపెట్టండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో 65 దాటిన వారికి చెప్పింది ఇది: వారానికి 150 నుంచి 300 నిమిషాల పాటు కాస్త ఆయాసం వచ్చేంత నడక లాంటి శ్రమ, కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం, కనీసం మూడు రోజులు తూలకుండా నిలదొక్కుకునే అభ్యాసం. చాలామంది నడకతో సరిపెట్టేస్తారు. మీకు ఎక్కువ అవసరమైనది రెండోది. ఈ వయసులో బరువులేమిటని ఎవరైనా అంటే ఇది చెప్పండి: 1990లో ప్రచురితమైన ఒక పరిశోధనలో వృద్ధాశ్రమంలో ఉన్న సుమారు 90 ఏళ్ల వయసు వారు పదిమంది 8 వారాలు కాళ్లకు బరువులతో వ్యాయామం చేశారు. చివరిదాకా కొనసాగించిన తొమ్మిదిమందిలో తొడ కండరాల బలం సగటున 174 శాతం పెరిగింది.

మాంసకృత్తులు కూడా చూసుకోండి. పెద్ద వయసులో ప్రతి కిలో బరువుకూ రోజుకు 1 నుంచి 1.2 గ్రాములు కావాలని 2013లో అంతర్జాతీయ నిపుణుల బృందం చెప్పింది. మీ బరువుకు అది 66 నుంచి 80 గ్రాములు. మూడు పూటలా పంచుకుంటే ఒంటికి పడుతుంది, అందుకే రాత్రి భోజనం మానకూడదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం ఎంత తినాలో వైద్యుణ్ణి అడిగి తీరాలి. మీవారికి పరీక్షలతో పాటు ఈ తిండీ, ఈ వ్యాయామమూ మీకంటే ఎక్కువ అవసరం పడవచ్చు.

ఇప్పుడు ఎక్కువసేపు నిలవాలనుకున్న చోటికి వచ్చాను. ఈ వయసులో ఇలా బాధపడటం తప్పా అని అడిగారు. కాదమ్మా. మీ అమ్మాయి నవ్వడం మిమ్మల్ని ఆడపడుచు మాటకంటే ఎక్కువ బాధించి ఉంటుందని నేను అనుకుంటున్నాను. ఆడపడుచు మీ ఒంటిని ఎగతాళి చేసింది. అమ్మాయి మీ బాధనే కొట్టిపారేసింది. ఆమెకు ఆ ఉద్దేశం ఉండి ఉండదు. వయసు మీద పడితే ఒంటి గురించిన పట్టింపు దానంతటదే పోతుందని చిన్నవాళ్లు నిజంగా నమ్ముతారు.

అది నిజం కాదు. స్త్రీలలో తమ శరీరం పట్ల అసంతృప్తి యౌవనం నుంచి వృద్ధాప్యం దాకా పెద్దగా తగ్గకుండా కొనసాగుతుందని ఆస్ట్రేలియా మనస్తత్వ శాస్త్రవేత్త మారికా టిగ్గెమన్ 2004లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ చూసి తేల్చారు. అయితే వయసు పెరిగేకొద్దీ రూపానికి ఇచ్చే ప్రాముఖ్యం తగ్గుతుందని కూడా ఆమే చెప్పారు. అంటే అద్దంలో కనిపించేది నచ్చకపోవచ్చు, కానీ దానికోసం రోజంతా పాడుచేసుకోవడం చాలామందిలో తగ్గుతుంది. నాకు ఇందులో మీకు కావలసిన ఆశ కనిపిస్తోంది. మీ పొట్ట మీకు నచ్చి తీరాలని నేను అనను. అలా బలవంతాన ఇష్టం తెచ్చుకోమని చెప్పే మాటల మీద నాకు నమ్మకం లేదు. నచ్చకపోయినా, ఆ నచ్చకపోవడం మీ భోజనాన్నీ, మీ తరగతినీ, ఫొటోలో మీ చోటునూ లాక్కోకుండా ఉంటే చాలు.

మీరు ఒంటరి కూడా కాదు. 50 ఏళ్లు దాటిన అమెరికా స్త్రీల మీద జరిగి 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో తమ శరీర పరిమాణంతో తృప్తిగా ఉన్నామన్నవారు 12 శాతమే. ఆ తృప్తి ఉన్నవారిలోనూ చాలామందికి పొట్ట విషయంలోనో చర్మం విషయంలోనో అసంతృప్తి ఉంది. అదే వయసు స్త్రీల మీద అంతకు ముందు ఏడాది వచ్చిన అధ్యయనంలో 13 శాతం మందిలో తిండికి సంబంధించిన రుగ్మత లక్షణం ఏదో ఒకటి కనిపించింది. ఇది ఆడపిల్లలకు, కాలేజీ వయసులో వచ్చే జబ్బు అనుకోవడం వల్ల పెద్దవాళ్లలో దీన్ని ఎవరూ అడగరు. మీరు భోజనం మానడం జబ్బు దాకా వచ్చిందని నేను అనడం లేదు. కానీ మళ్లీ భోజనం చేయడం మొదలుపెట్టాక ప్రతి ముద్దకూ తప్పు చేస్తున్నట్టు అనిపించినా, రోజులో ఎక్కువ భాగం తూకం గురించిన ఆలోచనే నడుస్తున్నా, వైద్యుడికి ఆ సంగతి కూడా చెప్పండి. మానసిక వైద్యుడి దగ్గరకు పంపితే మొహమాటపడకుండా వెళ్లండి.

పురుషుల సంగతి కొంచెం వేరు. వారిలో చాలామంది ఒంటిని రూపంతో కంటే అది చేసే పనితో కొలుచుకుంటారు. అందుకే బాధ బలం తగ్గినప్పుడు వస్తుంది. మీవారు బరువు తగ్గినందుకు సంతోషిస్తున్నారని రాశారు. మూతలు తిప్పడం, సంచీ మోయడం మునుపటిలా చేయగలుగుతున్నారా అని మెల్లగా గమనించండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి 15 సెకన్ల కంటే ఎక్కువ పడితే కాళ్లలో బలం తగ్గిందనడానికి అది ఒక గుర్తు. పక్కన ఎవరైనా ఉన్నప్పుడే చేయించండి. మీరు మాత్రం కళ్లు తిరగడం పోయాకే చేయండి.

మీకొక పని కూడా అప్పజెబుతాను, మీరు రాయడం అలవాటైన మనిషి కాబట్టి. 2015లో నెదర్లాండ్స్‌లో కొందరు స్త్రీలతో, తమ శరీరం ఎలా కనిపిస్తుందో వదిలేసి అది తమకోసం ఏమేం చేస్తోందో, అవి తమకు ఎందుకు ముఖ్యమో కొన్ని విడతలుగా రాయించారు. రాశాక తమ ఒంటి మీద వారి తృప్తి పెరిగింది. వారంతా 30 ఏళ్ల లోపు వారు. అయినా ఆ పని మీకే ఎక్కువ నప్పుతుందని నా అభిప్రాయం, ఎందుకంటే వారికంటే మీ శరీరానికి ఎంతో పెద్ద చరిత్ర ఉంది. ఎన్నో ఏళ్లు రోజంతా నిలబడి పాఠాలు చెప్పిన కాళ్లు, చివరి బెంచీ దాకా వినిపించిన గొంతు, బిడ్డను మోసి కన్న పొట్ట, అదే పొట్ట. ఒకసారి పని చేసిన దాని గురించి, ఒకసారి ఇంద్రియాల గురించి, ఒకసారి జబ్బు నుంచి తేరుకున్న దాని గురించి రాయండి. ఎవరికీ చూపించనక్కరలేదు.

ఫొటోల విషయంలో ఒక చిన్న మాట. పాతికేళ్ల తర్వాత మీ మనవలు ఆ వేడుక ఫొటో తీసి చూస్తే వెతికేది మీ ముఖం. వెనక వరుసలో ఎవరి భుజం చాటునో ఉంటే దొరకదు. ముందుకు రండి.

వయసు గురించి మనం మనతో ఏం చెప్పుకుంటామో అది కూడా ఒంటికి తగులుతుందనడానికి ఆధారం ఉంది. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో 50 దాటిన 660 మందిని దాదాపు 23 ఏళ్లు వెంబడించిన అధ్యయనాన్ని పరిశోధకురాలు బెకా లెవీ బృందం 2002లో ప్రచురించింది. తమ వృద్ధాప్యం గురించి మంచిగా ఆలోచించినవారు మిగతావారి కంటే సగటున ఏడున్నర ఏళ్లు ఎక్కువ బతికారు. మొదట్లో వారి ఆరోగ్యం ఎలా ఉంది, ఆదాయం ఎంత, ఒంటరితనం ఉందా అన్నవి లెక్కలోకి తీసుకున్నాక కూడా తేడా మిగిలింది. ఆలోచనే ఆయుష్షు పోసిందని దీన్నిబట్టి తీర్మానించలేం. ఆడపడుచు అన్న మాట ఉత్త మాటేగా అని వదిలేయడానికి మాత్రం నా మనసు ఒప్పుకోదు.

ఆవిడతో ఏమనాలి? నలుగురిలో జవాబు చెప్పకండి, మాట పెరుగుతుంది. ఒంటరిగా ఉన్నప్పుడు, ‘‘నా ఒంటి గురించి అందరి ముందూ మాట్లాడితే నాకు బాధగా ఉంది, ఇక మాట్లాడొద్దు’’ అనండి. సంజాయిషీ ఇవ్వకండి, బీపీ మాత్రల వల్లనో వయసు వల్లనో అని వివరించకండి. వివరించిన కొద్దీ మీ ఒళ్లు చర్చకు వచ్చే విషయంగానే మిగులుతుంది. మళ్లీ అంటే, ‘‘ఇంతకు ముందే చెప్పాను’’ అని అక్కడినుంచి లేచి వెళ్లండి. నాజూగ్గా తయారయ్యాడని అన్నయ్యను మెచ్చుకున్న ఆవిడకు అసలు సంగతి మీరే చెప్పండి: తగ్గిన బరువు గురించి వైద్యుడికి చూపిస్తున్నామని. అన్నగారి మీద ఆమెకు ఉన్న ప్రేమ అప్పుడు పనికివస్తుంది, ఆయన్ను కదిలించడంలో మీకు తోడు దొరుకుతుంది.

అమ్మాయికి కూడా మీ ఉత్తరంలోని మాటలే చెప్పండి. నవ్వితే నొప్పి కలిగిందని చెప్పడంలో చిన్నతనం ఏమీ లేదు. ఆమె కూడా రేపు ఇదే వయసుకు వస్తుంది, అమ్మ ఇలా చెప్పగలిగిందన్నది ఆమెకు అప్పుడు పనికివచ్చే జ్ఞాపకం. మీ ఇద్దరినీ వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లే పని కూడా ఆమెకే అప్పగించండి. నవ్వినందుకు ఆమె చేయగల మంచి పని అది.

మీవారు ఒప్పుకోరేమోనని మీకు అనుమానం ఉంటే, మెప్పు రుచి చూసినవారికి ‘ఇది జబ్బు కావచ్చు’ అనడం కష్టమే. అందుకని ఆయన బరువుతో మొదలుపెట్టకండి. ‘‘నాకు లేస్తే కళ్లు తిరుగుతున్నాయి, బీపీ చూపించుకోవాలి, నాతో రండి’’ అనండి. అది నిజమే కదా. అక్కడికి వెళ్లాక మీరు రాసిన కాగితాన్ని వైద్యుడి చేతికివ్వండి, ఇద్దరి మందుల సంచీలూ బల్ల మీద పెట్టండి, ఆయన్ను తూకం ఎక్కించమని అడగండి. ఇద్దరి పరీక్షల ఫలితాలూ వచ్చాక నాకు మళ్లీ రాయండి.